ఏడో కొక్కెం

పోయిన నెల ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో నా మనవరాళ్లిద్దరూ పోట్లాడుకున్నారు. పెద్దది పెళ్లికూతురు. చేతికి పెట్టుకునే సన్న గొలుసొకటి ఎంచుకుంది. దాని చుట్టూ చిన్న చిన్న బొమ్మలు వేలాడుతున్నాయి: నక్షత్రం, పిల్లి, కాఫీ కప్పు, రెక్కలున్న గుర్రం. ఇప్పుడంతా ఇదే స్టైలంటుంది పెద్దది. పెళ్లికూతురు పెట్టుకునేదేనా ఇది, ఆటసామాను గుచ్చుకున్నట్టు చీప్‌గా ఉందంటుంది చిన్నది. అంగడాయన వ్యాపారం తెలిసిన మనిషి, ఇద్దరి మాటకూ తలూపుతున్నాడు. చివరికి ఇద్దరూ నా మీద పడ్డారు.

"అవ్వా, నువ్వు చెప్పు. ఇది బాగుండాదా, లేదా?"

నేను నోరు తెరిచేలోగా పెద్దది చేయి ఆడించింది. బొమ్మలు ఒకదానికొకటి తగిలి సన్నగా చప్పుడైంది. గాలాడటం లేదని చెప్పి బయటికొచ్చి అంగడి మెట్టు మీద కూర్చున్నాను. ఈ వయసు ముసలమ్మ గాలాడటం లేదంటే ఎవరైనా నమ్ముతారు. నిజానికి లోపల ఏసీ ఉంది.

ఆ చప్పుడు నేను విని అరవై ఏళ్లు దాటింది.

అప్పుడు మేం జమ్మలమడుగులో ఉండేవాళ్లం. మట్టి మిద్దె, నేలంతా నాపబండలు. నాయనది చెనిక్కాయల వ్యాపారం కాబట్టి ముందు గది నిండా గోనె మూటలే. ఇల్లంతా పచ్చి చెనిక్కాయల వాసన, మట్టి వాసన. బడికి పోతే నా పుస్తకాలు కూడా అదే వాసన కొట్టేవి. నడింటి కప్పుకు వెలుతురు కోసం గవాచి ఉండేది, అంటే మూరెడు కంత. మధ్యాహ్నం దాంట్లోంచి ఎండ గుండ్రంగా నేల మీద పడి, పొద్దు వాలేకొద్దీ మెల్లగా జరిగిపోయేది. నాకు గడియారం అదే.

అమ్మ నాకు ఆరేళ్లప్పుడు పోయింది. కాన్పు కష్టమై, కడుపులోని బిడ్డతో సహా పోయింది. ఆమె ముఖం నాకు గుర్తు లేదు. చేతుల నుంచి వచ్చే ఉలవచారు తిరగమాత వాసన గుర్తుంది. ఇంకోటి గుర్తుంది. నేను పొద్దస్తమానం బొరుగులు తింటూ తిరిగేదాన్నని నన్ను "బొరుగుల మూటా" అని పిలిచేది. ఆ పిలుపు ఆమెతోనే పోయింది. నాయన తల్లిని జేజి అనేవాళ్లం, ఆమె నన్ను "ఏమే" అనేది. నాయనైతే అసలు పిలిచేవాడే కాదు.

ఏడాది తిరిగేసరికి నాయనకు మళ్లీ పెళ్లి చేశారు. చిన్నమ్మది పులివెందుల దగ్గర పల్లె. ఇరవై నిండలేదు. ఎనిమిదో తరగతి దాకా చదివింది. రెండు జడలు వేసుకునేది, పౌడరు రాసుకునేది, వారపత్రికలు పైకి చదివేది. పొయ్యి మీద సంగటి అడుగంటుతున్నా కథ అయిపోయేదాకా లేచేది కాదు. జేజికి అన్నింటికన్నా ఆ రెండు జడలే కంటగింపు.

మా వైపు అప్పట్లో ఒక ఆచారం ఉండేది. భార్య పోయినవాడికి రెండో పెళ్లి చేస్తే, పోయినామె గుర్తుగా చిన్న బిళ్ల చేయించి కొత్త పెళ్లికూతురి మెడలో వేసేవాళ్లు. సవతి బిళ్ల అనేవాళ్లు దాన్ని. ముందు అది కట్టి, తర్వాతే తాళి కట్టాలి. పోయినామెకు మర్యాద తగ్గకుండా చూస్తే ఆమె కొత్తామె జోలికి రాదని నమ్మకం. మా జేజి అమ్మ కమ్మలు కరిగించి చేయించింది. చింతగింజంత ఉండేది. దాని మీద చేతులు వేలాడేసుకుని నిలబడ్డ ఆడమనిషి బొమ్మ. ముక్కు లేదు, నోరు లేదు. కండ్ల చోట రెండు చుక్కలు పొడిచాడు కంసలి, అంతే.

కొత్త కోక వస్తే ముందు బిళ్లకు తాకించాకే చిన్నమ్మ కట్టుకోవాలి. ఓళిగలు చేస్తే మొదటి తుంట బిళ్లకు చూపించాకే ఆమె తినాలి. జేజి పక్కనే కూర్చుని కనిపెట్టుకుని ఉండేది.

అమ్మ దాంట్లో ఉందని నాకెవరూ చెప్పలేదు. నేనే తీర్మానం చేసుకున్నాను. అందుకే పోయి చిన్నమ్మ ఒళ్లో కూర్చునేదాన్ని. బిళ్లను వేళ్లతో పట్టుకుని చూస్తూ ఉండేదాన్ని. చిన్నమ్మతో మాత్రం ఒక్క మాట కూడా మాట్లాడేదాన్ని కాదు. అన్నానికి పిలిస్తే తినేదాన్ని, తల దువ్వితే దువ్వించుకునేదాన్ని, నోరు విప్పేదాన్ని కాదు. ఏడాదిన్నర అట్లా నెట్టుకొచ్చాను. అంత మొండిదాన్ని. ఆ పిల్లను ఇప్పుడు చూస్తే నేనే ఒకటి తగిలిస్తాను.

ఆ ఎండాకాలం మా ఊరికి ఒక ఇంజనీరు కుటుంబం వచ్చింది. ఆ ఇంజనీరు భార్య మదరాసు మనిషి. ఆమె చేతికి వేలాడే బొమ్మల గొలుసు ఉండేది. బావి దగ్గర, మిల్లు దగ్గర, ఎక్కడ నలుగురు ఆడవాళ్లు చేరినా అదే చర్చ. మా ఇంటికి గాజులమ్మే బూబమ్మ వచ్చినప్పుడు జేజి తేల్చి పారేసింది.

"సంతలో కోతిని ఆడిచ్చేటోడు కోతి చేతికి కడ్తాడు అట్లాంటియి. ఆడది కట్టుకునేదా అది?"

"అరే పెద్దమ్మా, నీకేం ఎరిక," అంది బూబమ్మ, మలారంలోని గాజులు సర్దుతూ. "పట్నంలో అంతా అదే ఇస్టైలు. గాజులు పగుల్తాయి గానీ అది పగులుతాదా? నా యాపారమే పోతాదని నాకు భయంగుండాది."

వారం తిరక్కుండానే నాయన చిన్నమ్మను, నన్ను బస్సెక్కించుకుని ప్రొద్దుటూరు తీసుకుపోయాడు. కంసలాయన కుంపటి ముందు కూర్చుని గొట్టంతో ఊదుతున్నాడు. బొగ్గు వాసన ముక్కుకు ఘాటుగా తగులుతోంది. చిన్నమ్మ కావలసినవి వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది: చేప, తాళంచెవి, గంట, గొడుగు, నెమలి, మామిడి పిందె. అన్నీ వెండివే.

"కొక్కేలు మాత్రం ఏడు పెట్టప్పా," అంది.

"ఆరు బొమ్మలకు ఏడు కొక్కేలెందుకమ్మా?"

"ఉండనీలే."

కంసలాయన నాయన వైపు చూశాడు. నాయన వీధి వైపు చూశాడు.

గొలుసు చేతికొచ్చిన మర్నాడు చిన్నమ్మ తలకు పోసుకుని, మెడలోంచి సవతి బిళ్ల తీసి ఆ ఏడో కొక్కేనికి తగిలించుకుంది. ఎడమ చేతికి. జేజి చూసి చేతిలోని చేట కింద పడేసింది.

"ఏంది నువ్వు చేస్తాండే పని? కసువూడ్చే చేతికి కడ్తావా దాన్ని? ఎంగిలి గిన్నెలు తోమే చేతికి?"

"మెడలో ఉంటే గొంతు పట్టుకున్నట్టుండాది అత్తా," అంది చిన్నమ్మ. ఆమె మెడ చుట్టూ చెమటకు తాడు ఒరిసి ఎర్రగా కమిలి ఉంది. "ఏడాదిన్నరాయ నేను సరిగ్గా నిద్రపొయ్యి. పారేయలే కదా. చేతికే కదా కట్టుకున్యా."

"దాన్ని ఆటబొమ్మను జేస్తివి కదే! చేపల మధ్యన, గంటల మధ్యన!"

నాయన ఎప్పటిలాగే మూటలు లెక్క చూసుకునే పని గుర్తొచ్చి ముందు గదిలోకి పోయాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో చప్పుడు మొదలైంది. పగలంతా చిన్నమ్మ పనిచేస్తుంటే గొలుసు గలగలమనేది, దానిలో వింతేం లేదు. మధ్యాహ్నాల సంగతి వేరు. నాయన ముద్దనూరు రైలు స్టేషనుకు సరుకు తోలడానికి పోయేవాడు. జేజి మూటల గదిలో గురక పెట్టేది. వీధిలో కుక్క కూడా కనపడేది కాదు. చిన్నమ్మ నడింట్లో గవాచి కింద, వట్టి బండ మీద, ఎడమ చేయి చాపుకుని నిద్రపోయేది. గాలి లేదు, చేయి కదలదు. అయినా ఉండి ఉండి ఒక్కసారి టింగుమనేది.

దగ్గరికి పోయి చూశాను. ఆరు బొమ్మలూ బండ మీద పడుకుని ఉన్నాయి. బిళ్ల ఒక్కటే వెల్లకిలా తిరిగి ఉంది, రెండు చుక్కలూ నా వైపే. వేలితో బోర్లా తిప్పాను. నీళ్లు తాగొచ్చి చూస్తే మళ్లీ వెల్లకిలా ఉంది. మూడుసార్లు తిప్పాను. మూడుసార్లూ అంతే.

బోర్లా పడుకుని, దానికి నోరు దగ్గరగా పెట్టి గుసగుసగా చెప్పాను. "అమ్మా, జేజి నిన్న నన్ను కొట్టింది."

చిన్నమ్మ కండ్లు మూసుకునే ఉంది. పెదాలు మాత్రం కదిలాయి.

"ఏడవాకు, నా బొరుగుల మూటా."

ఎట్లా లేచానో తెలియదు. పోయి మూటల సందులో దూరి, సాయంత్రం దాకా గోనెసంచి కంతలోంచి చెనిక్కాయలు లాక్కుని నములుతూ కూర్చున్నాను. ఆ రోజు గిన్నెల దగ్గర చిన్నమ్మను దొంగచూపులు చూశాను. ఆమె మామూలుగానే ఉంది. నన్ను మామూలుగా పేరుతోనే పిలిచింది.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ పోయాను. భయం లేక కాదు, ఆ పిలుపు కోసం పోయాను.

అట్లా రోజూ. అడిగేదాన్ని, జవాబొచ్చేది. రెండు మూడు మాటలకు మించి వచ్చేది కాదు.

"ఆడ నీకు ఆకలైతాదా?"

"లేదు."

"తమ్ముడు నీతోనే ఉండాడా?"

"ఉండాడు. నిద్రపోతాండాడు."

"ఆడ ఎట్లుంటాది?"

చాలాసేపటికి వచ్చింది. "చల్లగుంటాది."

ఆకలి లేదన్నా నాకు మనసు ఒప్పలేదు. బెల్లం దొంగిలించి, బొరుగుల్లో కలిపి, ఆ చేతి పక్కన పెట్టేదాన్ని. ఒకరోజు నేను పక్కకు పోగానే జేజి నిద్ర లేచొచ్చి చూసింది. నల్లచీమలు గోడ వారగా బారుకట్టి వచ్చి చిన్నమ్మ ఎడమ మణికట్టు చుట్టూ తిరుగుతున్నాయి. జేజి గుండెలు బాదుకుంది. "బతికుండే మనిషి చేతికి చీమలు పట్టేదేంది తల్లీ!" బెల్లం సంగతి చెప్పి ఉండాల్సింది. చెబితే మధ్యాహ్నాలు పోతాయి. నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత చిన్నమ్మ ఒళ్లు చెడింది. తిన్నది నిలవదు. ఎడమ చేయి తిమ్మిరెక్కి పాలచెంబు రెండుసార్లు జారి పడింది. ముఖం పాలిపోయింది. పొద్దున పూట కూడా గోడకానుకుని కునికేది. ఆమె నీళ్లోసుకుందని జేజి పోల్చుకుంది. కానీ జేజికి సంతోషం కన్నా భయమే ఎక్కువైంది.

నాకు మాత్రం ఆమె ఎంత నిద్రపోతే అంత లాభం. అన్నం తినగానే విసనకర్ర తీసుకుని పక్కన కూర్చునేదాన్ని, తొందరగా నిద్రపోవాలని. మొదటి రోజు నేను విసురుతుంటే చిన్నమ్మ నా వైపు చూసింది. ఆమె కండ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో నాకు పట్టలేదు. ఎప్పుడు మూస్తుందా అని ఆ కండ్లనే చూస్తూ కూర్చున్నాను. ఇది రాయడానికి ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది.

జ్వరం పట్టుకుంది. కషాయాలు పోశారు, తగ్గలేదు. జేజి బతిమాలింది. "నా తల్లీ, దాన్ని మళ్లీ మెడకు కట్టుకోవే." చిన్నమ్మ ఆ నీరసంలో కూడా తల అడ్డంగా ఊపింది. "గొంతు పట్టుకుంటాది అత్తా." అయితే తీసి దేవుని గూట్లో పెట్టొచ్చు కదా అని ఎవరైనా అంటే జేజికి అది అంతకన్నా భయం. కట్టిన బిళ్లను తీసేస్తే ఇంకేం జరుగుతుందో అని.

ఆ సాయంత్రం బూబమ్మ చూడటానికొస్తే, గడప దగ్గర జేజి గొంతు తగ్గించి చెప్పడం నేను విన్నాను.

"అది పిల్చుకోని పోతాది దీన్ని. కడుపులో దాన్ని కూడా. దాని దోవనే."

నేను తలుపు వెనక నిలబడిపోయాను. నాతో మధ్యాహ్నాలు మాట్లాడేది చిన్నమ్మను చంపబోతోంది. ఆ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఆ మాటల కోసం బెల్లం పెట్టింది నేనే, విసిరి నిద్రపుచ్చింది నేనే. ఆ రాత్రి చిన్నమ్మ అంత జ్వరంలోనూ లేచొచ్చి నాకు దుప్పటి కప్పింది. ఆమె చేయి పొయ్యి మీద పెనంలా కాలుతోంది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చున్నాను. ఊపిరి గరగరలాడుతోంది. ఎండ గుండ్రం ఆమె మోచేతి దాకా వచ్చింది. బిళ్ల మీదికి వంగి అడిగాను.

"అమ్మా, చిన్నమ్మను పిల్చుకోని పోతావా?"

ఎండ మోచేతి నుంచి మణికట్టు దగ్గరికి జరిగింది. అంతసేపు నేను కదలలేదు. బిళ్ల మీద ఎండ పడి ఆ రెండు చుక్కలూ మెరిశాయి. గొలుసు టింగుమంది.

"నేనుంటే ఈమె ఉండదు. విప్పు."

పెదాలు కదిలాయో లేదో నేను చూడలేదు. నా చూపంతా బిళ్ల మీదే ఉంది.

"విప్పితే నువ్వు యాడికి పోతావు?" అన్నాను. నాకు విప్పాలని లేదు. ఆ పిలుపు ఇంక జన్మలో వినపడదని తెలుసు. అయినా చిన్నమ్మ ఊపిరి అట్లా వినిపిస్తుంటే కూర్చోలేకపోయాను. కొక్కెం బిగువుగా ఉంది, గోళ్లతో రాలేదు. పండ్లతో కొరికాను. ఊగుతున్న పాలపన్ను ఊడి నోరంతా నెత్తురు ఉప్పగా తగిలింది. కొక్కెం విచ్చుకుంది. బిళ్ల నా నోట్లోకొచ్చింది. వెచ్చగా ఉంది.

పరిగెత్తుకుంటూ పోయి జేజి అరచేతిలో ఊశాను, బిళ్ల, పన్ను, నెత్తురు, అన్నీ. జరిగింది ఏడుపు లేకుండా చెప్పాను. జేజి కొడుతుందనుకున్నాను. ఆమె కొంగుతో నా నోటి నెత్తురు తుడిచింది.

"దాని బిడ్డే కదా విప్పింది," అంది. "వేరే వాళ్లయితే తప్పు. బిడ్డకు ఆ హక్కుండాది."

బిళ్లను పాలతో కడిగి, పసుపు గుడ్డలో మూటకట్టింది. నాలుగు రోజులకు నన్ను తీసుకుని గండికి పోయింది. ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టి, పాపాఘ్ని మడుగు ఒడ్డున ఆ మూట నా చేతికే ఇచ్చింది. "నువ్వే ఇడ్సు." నీళ్లలో వదిలాను. పసుపు రంగు కాసేపు కనపడింది.

అప్పటికే చిన్నమ్మకు జ్వరం దిగింది. కొర్రన్నం, ఊరిమిండి పచ్చడి అడిగి తిన్నది. మేం గండి నుంచి వచ్చేసరికి గడపలో కూర్చుని ఉంది. "నీళ్లు తెచ్చియ్యనా చిన్నమ్మా?" అని అడిగాను. నేను ఆమెతో మాట్లాడిన మొదటి మాట అది. కార్తీకంలో తమ్ముడు పుట్టాడు. చిన్నమ్మ ఆ గొలుసు మళ్లీ చేతికి పెట్టుకోలేదు.

ఇదంతా ఒకసారి చిన్నమ్మతోనే మాట్లాడాను. అప్పటికి నాకు మనవరాళ్లు పుట్టారు. ఆమె మంచాన పడి ఉంది, మతి మాత్రం చక్కగా ఉంది. భయపడుతూనే కదిలించాను. ఆమె నవ్వింది.

"నిద్ర యాడ పోతాంటినే నేను? కండ్లు మూసుకోని పడుకోనుంటి. మేల్కొనుంటే నాతో ఒక్క మాట మాట్లాడవు. కండ్లు మూస్తే వొచ్చి చెయ్యి పట్టుకుంటావు. ఆ పేరు మీ నాయన్నడిగి తెలుసుకుంటి. అమ్మనైతేనన్నా మాట్లాడ్తావని అమ్మనైతి."

"మరి చల్లగుంటాదని ఎట్ల చెప్పినావు?"

"కింద బండ చల్లగుండె. అదే చెప్తి."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వి నవ్వి నాకు కండ్లలో నీళ్లొచ్చాయి. ఇన్నేళ్లు దయ్యమనుకుని నేను మోసింది, ఇరవయ్యేళ్ల పిల్ల నా కోసం ఆడిన ఆట. గుండెలోంచి బరువు దిగినట్టైంది.

"జరంలో పడి గూడా నాటకం మానలే నువ్వు. నేనుంటే ఈమె ఉండదు, విప్పు అంటివి చూడు. పన్ను గూడా పాయ నాది."

చిన్నమ్మ నవ్వు ఆగింది.

"ఏం మాట అది?"

మళ్లీ చెప్పాను.

"నేనన్లేదే ఆ మాట," అంది. "ఆ పొద్దు నాకు ఒళ్లు తెలియని జరం. నిజంగానే నిద్రపోతి. లేసి చూస్తే కొక్కెం ఖాళీగుండె. మీ జేజే విప్పిచ్చిందనుకుంటి ఇన్నేండ్లూ."

చిన్నమ్మ నా చేయి పట్టుకుంది.

"ఆ మాట ఎట్లనింది? కోపంగా అనిందా?"

"లేదు చిన్నమ్మా," అన్నాను. "నువ్వు లేస్తావేమో అన్నట్టు, మెల్లగా అనింది."

"నేనేమో బతికినన్నాళ్లూ ఆమెకు భయపడ్తానే ఉంటి," అని చిన్నమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

అమ్మ పోయిననాడు నా కంట్లోంచి చుక్క నీరు రాలేదని జేజి ఎప్పుడూ చెప్పేది. ఆ రోజు చిన్నమ్మ మంచం పట్టె మీద తల పెట్టుకుని అమ్మ కోసం ఏడ్చాను.